పాత ఇంటి మరమ్మతుకు నమ్మకమైన మేస్త్రీని కుదుర్చుకోవడం ఎలా?

మీది పాతికేళ్ళ క్రితం కట్టిన డాబా ఇల్లు అనుకుందాం. వానాకాలం వస్తే హాల్లో ఒక మూల తడి దిగుతుంది. బాత్రూముల్లో టైల్స్ అడుగు వేస్తే కదులుతున్నాయి. వంటగట్టు మార్చాలని ఇంట్లో ఏడాదిగా మాట నడుస్తోంది. నిజానికి కొత్త ఇల్లు కట్టించడం కన్నా ఇలాంటి పనికి మనిషిని వెతకడమే కష్టం. కొత్త ఇంటికి ప్లాను ఉంటుంది, ఇంజనీరు ఉంటాడు, లోను తీసుకుంటే బ్యాంకు తరఫునైనా ఒకరొచ్చి చూసిపోతారు. మరమ్మతుకు అవేవీ ఉండవు. మీరు, మేస్త్రీ, మధ్యలో ఒక నోటి మాట. అంతే.

సగంలో ఆగిపోయిన పనుల వెనక కథలు వింటే ఒక సంగతి అర్థమవుతుంది. మేస్త్రీ దొంగ కావడం వల్ల చెడినవి తక్కువ, డబ్బు వరుస తప్పి చెడినవి ఎక్కువ. చిన్న కాంట్రాక్టరు దగ్గర సొంత పెట్టుబడి ఉండదు. మీరిచ్చిన అడ్వాన్సుతో అంతకుముందు ఒప్పుకున్న ఇంటి పని ముగిస్తాడు. మీ పని ముగియాలంటే ఇంకెవరో అడ్వాన్సు ఇవ్వాలి. ఎక్కడో ఒకచోట ఆ అడ్వాన్సు రాదు, ఫోను ఎత్తడం మానేస్తాడు. కాబట్టి మంచి మనిషిని వెతకడంతో మీ పని సగమే అయినట్టు. ఆ మంచి మనిషి మంచిగానే ఉండగలిగేలా కొలతలూ చెల్లింపులూ అమర్చుకోవడం మిగతా సగం.

1. ముందు మీకు కావలసిందేమిటో తేల్చుకోండి

మేస్త్రీకి ఫోన్ చేయడానికి ముందే తడి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టండి. సీలింగు మీద మచ్చ చూడగానే "పైన కెమికల్ కొట్టిస్తే పోతుంది సార్" అనేవాళ్ళకు ఏ ఊళ్ళోనూ కొదవ లేదు. ఆ మచ్చకు కారణం శ్లాబులో బీట కావచ్చు, పిట్టగోడ మొదట్లో పగులు కావచ్చు, ట్యాంకు దగ్గర పైపు జాయింటు కావచ్చు, పై అంతస్తు బాత్రూము కావచ్చు. తేడా పట్టడం పెద్ద విద్యేమీ కాదు. వానలు లేని రోజుల్లో కూడా తడి ఆరకపోతే అనుమానం పైపు మీదకో బాత్రూము మీదకో పోవాలి. పై బాత్రూము వాడకం రెండు మూడు రోజులు ఆపి చూడండి. వాన పడినప్పుడే తడుస్తుంటే డాబా మీద అనుమానం ఉన్న చోట చిన్న మట్టి గట్టు కట్టి, నీళ్ళు నిలబెట్టి, మర్నాడు కింద చూడండి. మీరు చెప్పకముందే ఈ పరీక్ష చేద్దామని మేస్త్రీయే అన్నాడా, ఆయన పేరు రాసి పెట్టుకోండి.

కొన్ని పనులకు మేస్త్రీ చాలడు. సీలింగు పెచ్చులూడి తుప్పు పట్టిన కడ్డీలు కనబడినా, దూలమో స్తంభమో చీలినా, మధ్య గోడ తీసేసి హాలు పెద్దది చేయాలనుకున్నా ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫీజు ఇచ్చి చూపించాలి. పాత ఇళ్ళలో చాలావాటికి స్తంభాలే లేవు, శ్లాబు బరువంతా గోడల మీదే ఉంటుంది. గోడను నాలుగు సార్లు తట్టి "ఇది తీసేసినా ఏం కాదండీ" అనే మేస్త్రీకి ఆ మాటకే దణ్ణం పెట్టి పంపేయొచ్చు. కోస్తా ఊళ్ళలో మద్రాసు టెర్రస్ ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చెక్క దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నం వేసిన పైకప్పులవి. సిమెంటు పని మాత్రమే తెలిసినవాళ్ళు వాటిని ముట్టుకుంటే ఉన్నదీ పోతుంది. సున్నం పని చేసిన పెద్ద మేస్త్రీలు అక్కడక్కడా మిగిలే ఉన్నారు, కాస్త ఆలస్యమైనా వాళ్ళ కోసమే వెతకండి.

కొత్తగా గది కలిపినా, పై అంతస్తు వేసినా మున్సిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి కావాలి. "అవన్నీ నేను చూసుకుంటా" అనే మాటకు లొంగొద్దు. నోటీసు వచ్చేది ఇంటి యజమాని పేరున.

ఇక ఒక నోటుబుక్కులో గది గదికీ చేయాల్సిన పని రాయండి. "బాత్రూము బాగు చేయాలి" అని రాస్తే లాభం లేదు. పాత టైల్స్ తీయడం, కింద వాటర్‌ప్రూఫింగ్, పైపులు మార్చడం, నేల టైల్స్, గోడకు ఎంత ఎత్తు వరకు టైల్స్, తలుపు, గీజరు పాయింటు, రాళ్ళూ మట్టీ బయటికి మోయడం... ఇలా ఒక్కోటి ఒక్కో వరుసలో ఉండాలి. తర్వాత వచ్చే గొడవల్లో చాలా భాగం ఈ కాగితమే ఆపేస్తుంది.

2. ఎవరిని అడగాలి

ఎవరింట్లో పని జరిగిందో తెలుసుకోండి కానీ, నిన్నో మొన్నో ముగిసిన ఇంటిని చూసి మురిసిపోకండి. రంగు తడి ఆరని ఇల్లు ఎవరు చేసినా బాగానే ఉంటుంది. కనీసం రెండు వానాకాలాలు చూసిన పనిని అడగండి.

చాలామందికి తట్టని ఆసామి ఒకరున్నారు: మీ పేటలో సిమెంటు, హార్డ్‌వేర్ కొట్టు నడిపే మనిషి. ఏ మేస్త్రీ పేరు చెప్తారని ఆయన్ను అడగొద్దు, తన దగ్గర ఎక్కువ సరుకు కొనే మనిషి పేరే చెప్తాడు. మీ దగ్గరున్న రెండు మూడు పేర్లు చెప్పి "ఈయన ఖాతా ఎలా ఉంటుందండీ?" అని అడగండి. అప్పు సకాలంలో తీర్చేదెవరో, బాకీ పడి కొట్టు మార్చేదెవరో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కొట్టు బాకీ ఉన్న కాంట్రాక్టరు చేతికి మీ అడ్వాన్సు అందితే ముందు ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

కమీషన్ల సంగతి కూడా తెలిసి ఉండాలి. పెయింటు కంపెనీలు డబ్బాల మీద పెయింటర్లకు టోకెన్లో పాయింట్లో ఇస్తుంటాయి. టైల్స్ కొట్లలో మేస్త్రీకి ఇంత అని ఇచ్చే అలవాటూ ఉంది. ఇందులో పెద్ద నేరమేమీ లేదు, లోకంలో నడుస్తున్నదే. కాకపోతే మీ పెయింటరు ఒకే కంపెనీ పేరు జపిస్తుంటే దాని వెనక ఏముందో మీకు తెలియాలి. సరుకు మీరే కొంటే ఈ చిక్కు సగం తీరుతుంది.

అడ్డా మీద నుంచి కూలీలను తెచ్చుకుని మనమే చేయించుకుందామన్న ఆలోచన చిన్న పనికి బాగుంటుంది. గుంత తవ్వడం, పాత గోడ పడగొట్టడం, మట్టి మోయడం లాంటివన్నమాట. వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, కరెంటు పని మాత్రం అలా చేయించొద్దు. రేపు లీకైతే పిలవడానికి ఎవరూ ఉండరు.

3. చేసిన పనిని కళ్ళారా చూడండి

పేర్లు మూడుకు తగ్గాక ఒక్కొక్కరు చేసిన ఇంటికి వెళ్ళండి. మొహమాటం వద్దు, మంచి పని చేసినవాళ్ళు తామే తీసుకెళ్ళి చూపిస్తారు. బాత్రూములో ఒక చెంబు నీళ్ళు గుమ్మం దగ్గర పోయించి చూడండి. నీళ్ళు నేరుగా జాలీ వైపు పరుగెత్తితే వాటం తెలిసిన మేస్త్రీ. మధ్యలో మడుగు కట్టినా, గుమ్మం వైపు తిరిగినా ఇంకేం చూడక్కర్లేదు. రూపాయి బిళ్ళతో టైల్స్ మీద అక్కడక్కడా తట్టండి. డొల్లగా మోగితే కింద మాలు సరిగా పడలేదని అర్థం. అన్ని టైల్సూ గట్టిగా మోగాలని పట్టుబట్టకండి, అక్కడక్కడా ఒకటి రెండు ఎక్కడైనా ఉంటాయి. తలుపు చుట్టూ, కిటికీ కింద మూలల్లో ప్లాస్టరింగుకు సన్న పగుళ్ళున్నాయేమో గమనించండి.

ఇంటివాళ్ళను రెండే ప్రశ్నలు అడగండి. "చివరి పని పూర్తి చేసే వెళ్ళాడా?" "తర్వాత ఏదైనా తేడా వస్తే పిలిస్తే వచ్చాడా?" పని ఎలా చేశాడని అడిగితే అందరూ బాగానే చేశాడంటారు. ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబు కన్నా ముందు వచ్చే మౌనం ఎక్కువ చెప్తుంది.

వీలైతే ఆయన ఇప్పుడు పని చేయిస్తున్న చోటుకు చెప్పకుండా వెళ్ళండి. సిమెంటు బస్తాలు తడి నేల మీద పడేశారా, చెక్కల మీద పేర్చారా? రసమట్టం, తూకం గుండు వాడకంలో ఉన్నాయా, సంచిలో ఉన్నాయా? పద్నాలుగేళ్ళు నిండని పిల్లలెవరైనా ఇటుకలు మోస్తున్నారా? కనబడితే ఆ మనిషికి పని ఇవ్వకండి. చట్టం సంగతి అలా ఉంచినా, అంత తక్కువ కూలికి ఎవరిని పెట్టడానికైనా వెనకాడని మనిషి మీ ఇంటి గోడలో ఏం దాస్తాడో ఊహించుకోవచ్చు.

4. పని ఏ పద్ధతిలో ఇవ్వాలి

మన దగ్గర మూడు పద్ధతులున్నాయి. రోజు కూలికి పెట్టుకోవడం, లేబర్ కాంట్రాక్టు, సరుకుతో కలిపి మొత్తం గుత్తకు ఇవ్వడం.

రోజు కూలి పద్ధతిలో పని నెమ్మదిస్తుంది, ఎవరో ఒకరు కూర్చుని కనిపెట్టుకుని ఉండాలి. గుత్తకు ఇస్తే మీకు తిరుగుడు తప్పుతుంది గానీ, పైపు మందం నుంచి సిమెంటు పాళ్ళ దాకా ఆదా చేసే అవకాశమంతా ఆయన చేతికి పోతుంది. ఇల్లు మీ ఊళ్ళోనే ఉండి, కొట్టుకు వెళ్ళే ఓపిక ఉంటే లేబర్ కాంట్రాక్టే మేలని నా అభిప్రాయం. సరుకు మీరు కొంటారు, పని కొలత ప్రకారం ఆయన చేస్తాడు. అందులోనూ కనబడని వాటిని, అంటే పైపులు, వైర్లు, వాటర్‌ప్రూఫింగ్ సామాన్లను తప్పకుండా మీరే బిల్లుతో కొనండి. కనబడేవి నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు, గోడలో పోయింది మార్చలేరు.

సరుకుతో కలిపి ఇచ్చినప్పుడు కొందరు "18% జీఎస్టీ అదనం" అంటారు. అలా అంటే జీఎస్టీ నంబరు అడగండి. ఆ నంబరులో 15 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. మొదటి రెండు అంకెలు తెలంగాణ అయితే 36, ఆంధ్రప్రదేశ్ అయితే 37. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో, ఇంకా చెల్లుతోందో లేదో కనబడుతుంది. ఏడాదికి 20 లక్షల లోపు పని చేసే చిన్న మేస్త్రీకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాబట్టి నంబరు లేకపోవడం తప్పేమీ కాదు. నంబరు లేకుండా పన్ను అడగడం మాత్రం తప్పు.

5. రేట్లు పోల్చేది కొలతతోనే

ముగ్గురికీ మీరు రాసిన జాబితానే జిరాక్సు తీసి ఇవ్వండి. ఎవరికి వాళ్ళు తమ పద్ధతిలో రాసిస్తే పోల్చడం మీ వల్ల కాదు. "మొత్తం మూడు లక్షలు ఇచ్చేయండి సార్, చేసేస్తా" అనే మాటను ఒప్పుకోకుండా వరుస వరుసకూ కొలత, రేటు రాయించండి.

అన్నిటికన్నా తక్కువ చెప్పినవాడి కాగితం దగ్గర కాసేపు ఆగండి. అందులో లేనివేమిటో చూడాలి. పాత టైల్స్ పగలగొట్టే కూలి, మేడ మీదకు సామాన్లు మోసే కూలి, పరంజా కర్రల అద్దె, రాళ్ళూ మట్టీ ట్రాక్టరు బాడుగ ఉన్నాయా? ఇవి రాయకుండా తక్కువ చూపించి, పని మధ్యలోకి వచ్చాక ఒక్కొక్కటే ఎక్స్‌ట్రా అనడం పాత అలవాటు. హైదరాబాద్‌లో ఆ మట్టిని రోడ్డు పక్కన పోస్తే జరిమానా మీకూ పడొచ్చు. జీడిమెట్ల, ఫతుల్లగూడ లాంటి చోట్ల నిర్మాణ వ్యర్థాల కోసం ప్లాంట్లున్నాయి. ఎక్కడ పోస్తారో ముందే అడగండి. ఇంకో చిన్న సంగతి: ఖాళీ సిమెంటు బస్తాలు, పాత గేటు, ఇత్తడి కుళాయిలు ఎవరివి? నవ్వొచ్చే విషయమే గానీ, వీటి దగ్గర మాట పట్టింపు వచ్చి పని ఆగిన ఇళ్ళున్నాయి.

కొలిచే పద్ధతి కూడా ఇప్పుడే తేల్చాలి. ప్లాస్టరింగులోనూ రంగుల్లోనూ తలుపులు, కిటికీల ఖాళీని తీసేస్తారా, కలిపే కొలుస్తారా? కొందరు మేస్త్రీలు "అవి తీయడం లేదండీ, అంచులు చేసే పని ఉంటుంది కదా" అంటారు. అందులో కొంత న్యాయముంది. భారత ప్రమాణం ఐఎస్ 1200 దీనికి మధ్యేమార్గం చెప్తుంది. అర చదరపు మీటరు, అంటే దాదాపు 5.4 చదరపు అడుగుల లోపు ఖాళీని అసలు తీయరు. అక్కడి నుంచి 3 చదరపు మీటర్ల దాకా, గోడకు రెండు వైపులా ఒకే రకం పని జరిగితే, ఒక వైపు మాత్రమే తీస్తారు, అంచుల పని మిగతా దాంట్లో కలిసిపోయినట్టు లెక్క. అంతకన్నా పెద్ద ఖాళీలను రెండు వైపులా తీసి, అంచులను విడిగా కొలిచి కలుపుతారు. మామూలు 3 అడుగులకు 7 అడుగుల తలుపు 21 చదరపు అడుగులు, సుమారు 1.95 చదరపు మీటర్లు. కాబట్టి ఒక వైపు తీసేయాలి, రెండో వైపు మేస్త్రీకి వదిలేయాలి. ఈ లెక్క ముందే చెప్పి ఒప్పించుకుంటే చివర్లో టేపు పట్టుకుని పోట్లాడుకునే అవసరం రాదు.

6. కాగితం మీద పెట్టండి

తెలిసినవాడే కదా, బావమరిది చెప్పిన మనిషే కదా అని కాగితం మానేయకండి. తెలిసినవాళ్ళతో మాట తేడా వస్తే చుట్టరికం కూడా చెడుతుంది. 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, ఇద్దరు సాక్షులతో పెట్టించండి. భాష తెలుగులోనే ఉండనివ్వండి, మేస్త్రీ చదవలేని ఒప్పందానికి విలువ లేదు. ఆయనకు చదువు రాకపోతే సాక్షి ముందు గట్టిగా చదివి వినిపించండి. ఆధార్ కాపీ ఒకటి తీసుకోండి, ఇంటి అడ్రసు రాయించుకోండి, ఫోన్ నంబర్లు మారిపోతుంటాయి.

అందులో ఉండాల్సినవి: పని జాబితా, కొలత పద్ధతి, రేట్లు, సరుకు బ్రాండు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఏ దశకు ఎంత డబ్బు, చివర ఎంత ఆపుతారు, లీకైతే ఎన్నాళ్ళ వరకు ఉచితంగా చేసివ్వాలి. పని దగ్గర కూలీలకు దెబ్బ తగిలితే చికిత్స ఖర్చు ఎవరిదన్నది కూడా మర్చిపోవద్దు. జాబితాలో లేని ఏ పనైనా మీరు రాసి ఇస్తేనే ఎక్స్‌ట్రా అవుతుందని ఒక వాక్యం పెట్టండి. వాట్సాప్‌లో "సరే, ఇంత రేటు" అని ఇద్దరూ రాసుకున్నా పనికొస్తుంది.

తేదీల దగ్గర కాస్త లోకజ్ఞానం కావాలి. సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కూలీలు ఇళ్ళకు వెళ్ళిపోతారు. దసరాకు తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఊళ్ళకు పోతారు. బిహార్, యూపీ నుంచి వచ్చినవాళ్ళు ఉంటే హోళీకి, ఛఠ్ పూజకు కనబడరు. ఈ పండుగల మధ్యలో "ముగిసే తేదీ" పెట్టుకుని తర్వాత తిట్టుకోవడంలో అర్థం లేదు. డాబా వాటర్‌ప్రూఫింగ్ అయితే శ్లాబు బాగా ఎండే ఎండాకాలంలోనే పెట్టించండి.

7. డబ్బు పని వెనకే నడవాలి

అన్నిటికన్నా ముఖ్యమైన అంచె ఇదే. పని 3 లక్షలదనుకోండి. మొదలుపెట్టిన రోజు 10% మించి ఇవ్వొద్దు, అంటే 30,000. అది కూడా పనిముట్లు, మనుషులు మీ ఇంటికి దిగాకే. తర్వాత ప్రతి శనివారం బట్వాడాకు ఆ వారం జరిగిన పని కొలిచి, దాని విలువలో 80% దాకా ఇవ్వండి. మిగిలింది ఒక్కో గది పూర్తయ్యాక ఇవ్వండి. చివరి 10% మాత్రం ఒక వానాకాలం గడిచే దాకా, కనీసం మూడు నెలలు ఆపండి. మొదటి రోజు అడ్వాన్సు పక్కన పెడితే, ఏ రోజు చూసినా మీరిచ్చింది జరిగిన పని విలువకన్నా కొంచెం తక్కువగా ఉండాలి. అదొక్కటి నిలబెట్టుకుంటే ఆయన పని మధ్యలో వదిలి వెళ్ళడానికి కారణం ఉండదు.

అలాగని శనివారం సాయంత్రం మేస్త్రీని గుమ్మంలో నిలబెట్టి "సోమవారం చూద్దాం" అనొద్దు. ఆయన వెనక పది మంది కూలీలున్నారు, వాళ్ళకు ఆదివారం సంత ఉంది. కూలి అందని జట్టు సోమవారం వేరే పనికి వెళ్ళిపోతుంది, నష్టం మీకే. జరిగిన పనికి ఠంచనుగా ఇచ్చే ఇంటిని మేస్త్రీలు వదులుకోరు. మంచి టైల్స్ మేస్త్రీని పక్క పనిలోంచి లాక్కొచ్చి మరీ మీ ఇంట్లో పెడతారు.

ప్రతి చెల్లింపూ ఒక పుస్తకంలో రాసి సంతకం పెట్టించండి. యూపీఐ అయితే నోటు దగ్గర "బాత్రూము టైల్స్, రెండో విడత" అని రాయండి. "మా అమ్మాయి ఫీజు కట్టాలి సార్, ఓ 40,000 ముందు సర్దండి" అని ఎప్పుడో ఒకసారి అడుగుతాడు. అది నిజమే కావచ్చు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ అది చేబదులు అని విడిగా రాయండి, పని లెక్కలో కలపొద్దు.

8. మూసేసే ముందు చూడాల్సినవి

రోజంతా పని దగ్గర కూర్చోనక్కర్లేదు. ఏ పని తర్వాత కప్పబడిపోతుందో అక్కడ ఉంటే చాలు. ఒప్పందంలోనే "వీటిని చూపించకుండా మూయకూడదు" అని రాసుకోండి.

బాత్రూము నేల టైల్స్ వేసే ముందు వాటర్‌ప్రూఫింగ్ పూత ఆరాక, జాలీ రంధ్రం మూసి 48 గంటలు నీళ్ళు నిలబెట్టండి. కింది గది సీలింగు పొడిగా ఉంటేనే తర్వాతి పని. పైపులకు గోడ కప్పకముందే ప్రెషరు పరీక్ష చేయించండి. వేడినీళ్ళ లైనుకు వేడిని తట్టుకునే సీపీవీసీ పైపే వేశారా, చన్నీళ్ళకు వాడే మామూలు యూపీవీసీ పైపు వేసి సరిపెట్టారా చూడండి. తర్వాత గోడ పక్కన టేపు పెట్టి, పైపులూ వైర్లూ కనబడేలా ఫోటోలు తీసి దాచుకోండి. ఏడాది తర్వాత అద్దం బిగించడానికి డ్రిల్లు పట్టుకున్నప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

కరెంటు పనికి వైర్‌మన్ పర్మిట్ ఉన్న మనిషినే పెట్టండి. మామూలుగా లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరుకు, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తారు. వైరు మీద ఆ అంకె అచ్చయి ఉంటుంది, చదవండి. బాత్రూము గీజరున్న ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

సిమెంటు బస్తా మీద ప్యాక్ చేసిన వారం, సంవత్సరం ఉంటాయి. మూడు నెలలు దాటిన బస్తా వెనక్కి పంపండి. ప్లాస్టరింగుకు కనీసం 7 రోజులు నీళ్ళు పట్టాలి. పీపీసీ (బూడిద లాంటివి కలిపిన రకం) సిమెంటుతో వేసిన కాంక్రీటుకు 10 రోజులు, మండుటెండల్లో 14 రోజులు. ఈ నీళ్ళు పట్టే పనిని ఎవరు చేస్తారో రాసుకోకపోతే ఎవరూ చేయరు. మేస్త్రీ మీరనుకుంటాడు, మీరు మేస్త్రీ అనుకుంటారు.

టైల్స్ డబ్బాల మీద బ్యాచ్ నంబరు, షేడ్ ఒకటేనా చూసుకోండి. రెండడుగుల టైల్స్ డబ్బాకు నాలుగు వస్తాయి, సుమారు 15.5 చదరపు అడుగులు. లెక్కకు 10% దాకా ఎక్కువ తెచ్చి, మిగిలిన ఒక డబ్బా అటక మీద పెట్టేయండి. అదే డిజైను మళ్ళీ మార్కెట్లో దొరకదు.

9. మీరు దూరంగా ఉంటే

డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి గుంటూరులో అమ్మానాన్నల ఇల్లు బాగు చేయించేవాళ్ళకు ఒక్క మాట. డబ్బులు అమ్మ ఖాతాకు పంపి, ఆమె చేత మేస్త్రీకి ఇప్పించే పద్ధతి పెట్టొద్దు. ఇంటికొచ్చి టీ తాగి "అమ్మా, ఈ వారం కాస్త కష్టంగా ఉంది" అంటే ఆమె కాదనలేదు. ఊళ్ళోని సివిల్ ఇంజనీరుకు ఫీజు ఇచ్చి వారానికోసారి కొలిచి ఫోటోలతో పంపమనండి. ఆ కొలత చూశాకే మీరు నేరుగా పంపండి. చుట్టాలబ్బాయికి పర్యవేక్షణ అప్పజెప్తే డబ్బు మిగలొచ్చు, మాట మిగలదు.

10. తేడా వస్తే

ముందు పిలిచి కూర్చోబెట్టండి. కొలత పుస్తకం, ఒప్పందం, ఫోటోలు బల్ల మీద పెట్టి మాట్లాడితే చాలావరకు అక్కడే తేలిపోతుంది, ఎందుకంటే చివరి 10% ఇంకా మీ దగ్గరే ఉంది. రాకపోతే స్పీడ్ పోస్టులో, వాట్సాప్‌లో పదిహేను రోజుల గడువుతో రాతపూర్వకంగా అడగండి. పోలీసు స్టేషనుకు వెళ్తే సాధారణంగా ఇది సివిల్ తగాదా అనే చెప్తారు. కాంట్రాక్టుకు ఇచ్చిన పనిలో లోపం ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. రెండేళ్ళలోపు వేయాలి. వకీలు తప్పనిసరి కాదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి సలహా అడగొచ్చు. మీరే రోజు కూలికి పెట్టుకుని, మీరే చెప్పి చేయించుకున్న పనికి మాత్రం ఈ దారి దొరక్కపోవచ్చు. లీకయ్యే అవకాశమున్న పనిని అడ్డా కూలీలతో చేయించొద్దనడానికి అది రెండో కారణం.

మరో మేస్త్రీని పెట్టి మిగతా పని మొదలుపెట్టే ముందు ఒక ఇంజనీరు చేత ఉన్నది ఉన్నట్టు కొలిపించి, తేదీతో సంతకం చేయించి ఉంచుకోండి. పాత పని మీద కొత్త పని పడ్డాక, ఏది ఎవరు చేశారో ఏ కమిషనూ తేల్చలేదు.